సీపాప్ మాస్క్: చప్పుడు చేయనిది, ముక్కు నొప్పెట్టనిది ఏది?

గోదారిగట్టు, రాజమండ్రి

అందరికీ నమస్కారం. స్లీప్ స్టడీలో నాకు ఏహెచ్‌ఐ 41 వచ్చింది. అంటే నిద్రలో గంటకు నలభై సార్లకు పైగా ఊపిరి ఆగిపోవడమో, సన్నబడటమో జరుగుతోంది. 30 దాటితే తీవ్రమైనట్టే అని చెప్పి డాక్టరుగారు ఆటో సీపాప్ రాశారు. అంటే నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్క్ గుండా గాలిని ఒత్తిడితో పంపే మిషన్, ఆ ఒత్తిడిని (ప్రెషర్) అదే పెంచి తగ్గించుకుంటుంది. ప్రెషర్ 8 నుంచి 14 మధ్య పెట్టారు. మిషన్ అమ్మినవాళ్లు ముక్కునూ నోటినీ కలిపి కప్పే ఫుల్ ఫేస్ మాస్క్ ఇచ్చి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తగిలించి, పట్టీలు బిగించి వెళ్లారు.

మిషన్‌తో మేలు జరుగుతోందని నాకు స్పష్టంగా తెలుస్తోంది. మాస్క్ నిలిచిన రాత్రి మర్నాడు తలనొప్పి ఉండదు, మధ్యాహ్నం క్లాసులో కళ్లు మూతలు పడవు. బాధంతా మాస్క్‌తోనే. పడుకునేటప్పుడు బాగానే ఉంటుంది. అర్ధరాత్రి దాటాక ముక్కు దూలం దగ్గర స్స్‌స్ అని మొదలై, కాసేపటికి ఈల అవుతుంది. గాలి నేరుగా ఎడమ కంట్లోకి కొడుతుంది. మా ఆవిడకు చీమ చిటుక్కుమన్నా మెలకువ వస్తుంది. ఆవిడ పాపం ఏమీ అనదు, కానీ ఆ తర్వాత తనకు నిద్ర పట్టదు. పొద్దున అద్దంలో చూసుకుంటే ముక్కు మీద ఎర్రటి గాటు.

నాకు మీసం ఉంది. పక్కకు తిరిగి పడుకునే అలవాటు. చప్పుడు తక్కువగా, ముఖానికి తేలిగ్గా ఉండే మాస్క్ మీలో ఎవరైనా వాడుతుంటే చెప్పండి. ఇక్కడ షాపులో ఒకసారి ప్యాకెట్ విప్పితే వెనక్కి తీసుకోరు. అందుకే కొనేముందు అడుగుతున్నాను.

సాగరతీరం, విశాఖ

రెస్‌మెడ్ ఎయిర్‌ఫిట్ పీ10 చూడండి గురువుగారూ. నేసల్ పిల్లోస్ రకం. ముక్కు రంధ్రాల దగ్గర రెండు చిన్న మెత్తటి బుడిపెలు, తల వెనక సన్నటి పట్టీ, అంతే. ముక్కు దూలం మీద ఏమీ ఉండదు కాబట్టి గాటు పడే ప్రశ్నే లేదు. కంపెనీ లెక్కలో దాని చప్పుడు 21 డెసిబెల్స్. మిషన్ చేసే చప్పుడే దానికన్నా ఎక్కువ. నాకూ మీసం ఉంది, ఇబ్బంది లేదు.

శ్వాసమిత్ర, హైదరాబాద్

నేను స్లీప్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. కొత్త మాస్క్ కొనేముందు ఒక్క పని చేయండి సార్. చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోండి. సీపాప్‌లో చప్పుడు మూడు చోట్ల పుడుతుంది, మూడింటికీ మందు వేరు.

మొదటిది మిషన్. ఇప్పటి మిషన్లు 26, 27 డెసిబెల్స్ దగ్గర ఉంటాయి, గుసగుస కంటే తక్కువ. అది గట్టిగా మోగుతుంటే ఫిల్టర్ దుమ్ము పట్టిందేమో చూడాలి. మంచం తలవైపు చెక్క మీద పెడితే ఆ చెక్క కూడా అదురుతుంది. కిందికి దించి, అడుగున మెత్తటి గుడ్డ వేస్తే చాలు. గాలి పీల్చే వైపు మాత్రం గుడ్డ అడ్డం రాకూడదు.

రెండోది వెంట్. మాస్క్ ముందు భాగంలో సన్నటి రంధ్రాలో, జల్లెడ లాంటి గుడ్డో ఉంటుంది. మీరు వదిలిన గాలి బయటికి పోవడానికే అది ఉన్నది. అక్కడినుంచి రాత్రంతా గాలి వస్తూనే ఉండాలి. ఈ చప్పుడు ఒకే తీరుగా, మెత్తగా ఉంటుంది. పాత మోడల్స్‌లో కొంచెం ఎక్కువ, కొత్తవాటిలో రంధ్రాలను విడగొట్టి బాగా తగ్గించారు.

మూడోది లీక్. కుషన్‌కూ, అంటే ముఖానికి ఆనే మెత్తటి అంచుకూ, చర్మానికీ మధ్య సందు పడి గాలి తన్నుకొచ్చే చప్పుడు. హెచ్చుతగ్గులుగా, బుర్‌ర్ అనో, ఈలలాగో వస్తుంది. మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు ఇదే. మాస్క్ ఎంత ఖరీదైనదైనా, ఎంత నిశ్శబ్దమైనదని పేరున్నా, సైజు కుదరకపోతే ఈల వేస్తుంది.

అర్ధరాత్రి తర్వాతే ఎందుకంటే, మీది ఆటో మిషన్. నిద్ర గాఢమై గొంతు కండరాలు వదులైనప్పుడు, ముఖ్యంగా కలలు వచ్చే దశలో, వెల్లకిలా తిరిగినప్పుడు అది ప్రెషర్ పెంచుతుంది. కుర్చీలో కూర్చుని 8 మీద కుదిరిన మాస్క్ 13 దగ్గర పైకి లేస్తుంది. పైగా పడుకుంటే బుగ్గల కండ జారుతుంది. కూర్చున్నప్పటి ముఖం వేరు, పడుకున్నప్పటి ముఖం వేరు.

ఇవి చెప్పండి: మాస్క్ సైజు ఎంత? నోరు తెరిచి పడుకుంటారా? ముక్కు దిబ్బడ ఉంటుందా? మిషన్ పొద్దున లీక్ ఎంత చూపిస్తోంది?

గోదారిగట్టు

చాలా థాంక్స్ అండీ. మాస్క్ మీద ఎల్ అని ఉంది. సైజు కొలిచి ఇవ్వలేదు, మగవాళ్లకు లార్జ్ సరిపోతుంది అన్నారు. లీక్ దగ్గర కొన్ని పొద్దుల్లో పచ్చగా, ఎక్కువసార్లు ఎర్రగా చూపిస్తోంది. నోరు తెరిచి పడుకుంటానని మా ఆవిడ అంటోంది. కానీ అది మిషన్ రాకముందు సంగతి, గురక పెట్టే రోజులది. ఏసీలో ముక్కు ఒకవైపు బిగుస్తుంది.

ఓరుగల్లు అక్క, హనుమకొండ

తమ్ముడూ, పెద్ద మాస్క్ అంటే సుఖంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది ముఖం మీద జారుతుంది, జారకుండా బిగిస్తాం, బిగిస్తే గాటు పడుతుంది. నా మొదటి మాస్క్‌తో నేను పడ్డ బాధ ఇదే.

నాకు జడ పొడవు. వెనక పట్టీల మాస్క్ పెడితే జడ అడ్డం, ముడి వేస్తే ఇంకా అడ్డం. ఎయిర్‌ఫిట్ ఎన్30ఐ అని, ట్యూబ్ ముఖం ముందు కాకుండా నడినెత్తి మీద తగిలించే మాస్క్ ఉంది. కుషన్ ముక్కు కింద ఆనుతుంది. ఎటు తిరిగినా పైపు గుంజదు, ముందు ఏమీ లేదు కాబట్టి దిండు మీద పక్కకు పడుకోవచ్చు. ఫిలిప్స్ వాళ్ల డ్రీమ్‌వేర్ కూడా ఇదే పద్ధతి. ఒక్కటి గుర్తు పెట్టుకో. వీటిలో గాలి రెండు చెంపల పక్కనుంచి వస్తుంది. ఒకవైపు దిండుకు నొక్కుకుపోయినా రెండోవైపు నుంచి వస్తుంది, భయం లేదు.

తలకు నూనె పెట్టుకున్న రోజు మాత్రం ఆ సిలికోన్ గొట్టం జారి వెనక్కి పోతుంది. నూనె తల స్నానానికి ముందు పూట పెట్టుకుని రాత్రికి లేకుండా చూసుకుంటున్నాను.

ఎడిసన్ తెలుగు, న్యూజెర్సీ

శ్వాసమిత్ర గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. మీది రెస్‌మెడ్ మిషన్ అయితే మెనూలో మాస్క్ ఫిట్ అని ఉంటుంది. పడుకుని, మీరు పడుకునే దిండు మీదే, పక్కకు తిరిగి అది నొక్కండి. ప్రెషర్ ఇచ్చి, లీక్ సరిగా ఉంటే నవ్వు బొమ్మ చూపిస్తుంది. పట్టీలు సరిచేసుకోవడానికి అదే అదను. ముందు పట్టీలన్నీ వదులు చేసి, గాలి వస్తుండగా మాస్క్‌ను ముఖం నుంచి కొద్దిగా పైకి లాగి వదలాలి. కుషన్ గాలితో ఉబ్బి తనంతట తాను కూర్చుంటుంది. అప్పుడు రెండువైపులా సమానంగా, లీక్ ఆగేంత మటుకే బిగించాలి. పట్టీ కింద వేలు దూరాలి.

అదే మెనూలో మాస్క్ రకం కూడా ఎంచుకోవాలి: పిల్లోస్, నేసల్, ఫుల్ ఫేస్. మాస్క్ మారిస్తే ఇది కూడా మార్చాలి. చాలామంది మర్చిపోతారు.

మిషన్‌లో ఎస్‌డీ కార్డు ఉంటే ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూడండి. ఏ గంటకు ప్రెషర్ ఎంత పెరిగింది, అదే నిమిషంలో లీక్ ఎంత అయింది, గీతల్లో కనిపిస్తుంది. రెస్‌మెడ్‌లో లీక్ నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క. వెంట్ నుంచి పోయే గాలిని అది ముందే తీసేసి చూపిస్తుంది.

ఇక్కడ అమెరికాలో నాకు కలిసొచ్చింది ఒక్కటే. చాలామంది సప్లయర్లు ముప్పై రోజుల్లోపు మాస్క్ నచ్చకపోతే మార్చి ఇస్తారు. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ లెక్క ప్రకారం మొదటి మూడు నెలల్లో వరుసగా ఏదో ఒక ముప్పై రోజుల్లో, 70 శాతం రాత్రులు, రాత్రికి నాలుగు గంటలు వాడాలి. లేదంటే మిషన్ డబ్బు ఇవ్వరు. అందుకని వాళ్లు కూడా మాస్క్ కుదిరేదాకా వెంటపడతారు. మన ఊళ్లలో కూడా ఈ మార్పిడి సదుపాయం గట్టిగా అడగాలి. మిషన్‌కు అంత డబ్బు పోసి, కుదరని మాస్క్ వల్ల దాన్ని బీరువా మీద పెట్టేసినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.

కొత్తపేట కుర్రాడు, గుంటూరు

అన్నా, చప్పుడు వెంట్ నుంచే అయితే ఆ రంధ్రాల్లో కొంచెం దూది పెడితే తగ్గదా?

శ్వాసమిత్ర

వద్దు తమ్ముడూ, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆ రంధ్రాలు మూస్తే మీరు వదిలిన కార్బన్ డయాక్సైడ్ మాస్క్‌లోనే ఉండిపోయి మళ్లీ మీరే పీలుస్తారు. ప్లాస్టర్ అంటించడం, దూది పెట్టడం, దుప్పటి ముసుగు వేయడం, ఏదీ పనికిరాదు. వెంట్ చప్పుడు భరించలేకపోతే వెంట్ మంచిగా ఉన్న మోడల్‌కు మారాలి. రెస్‌మెడ్ వాళ్ల ఎఫ్20 అనే ఫుల్ ఫేస్ మాస్క్ వాడేవాళ్లకు క్వైట్ ఎయిర్ అని వెంట్ ఉన్న మోచేతి ముక్క, అంటే పైపు మాస్క్‌కు కలిసే చోటి వంపు ముక్క, విడిగా దొరుకుతుంది.

సత్యవతి, ఏలూరు

మిషన్ వాడేది మా వారు, నేను పక్కన పడుకునే మనిషిని. ఇక్కడ ఎవరూ ఆ వైపు నుంచి మాట్లాడలేదు కాబట్టి చెబుతున్నాను.

చప్పుడుకు నేను అలవాటు పడ్డాను. ఒకప్పటి గురకతో పోలిస్తే అది అసలు చప్పుడే కాదు. ఆ రోజుల్లో గురక మధ్యలో ఆగిపోయేది. మళ్లీ ఊపిరి అందుకునేదాకా నేను ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి చూస్తూ ఉండేదాన్ని. ఇబ్బంది పెట్టింది గాలి. ఆయన నా వైపు తిరిగితే వెంట్ గాలి చల్లగా నా మెడ మీద, మొహం మీద కొట్టేది. మెడ పట్టేసేది. ఇద్దరి మధ్యా పొడవాటి దిండు పెట్టాం, కొంత తగ్గింది. గాలిని చెదరగొట్టి వదిలే వెంట్ ఉన్న మాస్క్‌కు మారాక పూర్తిగా పోయింది.

గోదారిగట్టు గారూ, కొనేముందు మీ ఆవిడను కూడా షాపుకు తీసుకెళ్లండి. ఆవిడ చెవితో కూడా విననివ్వండి.

సాగరతీరం

అమ్మా, మీ మాట చాలా బాగుంది. మా ఇంట్లో కూడా ఇదే జరిగింది.

భద్రాద్రి

మా నాన్నగారికి పేస్‌మేకర్ ఉంది. ఆయనకూ సీపాప్ రాశారు. షాపులో చూపించిన మాస్క్ పట్టీలకు అయస్కాంతం క్లిప్పులు ఉన్నాయి. పెట్టుకోవడం తేలిక, వణికే చేతులకు బాగుంటుంది అంటున్నారు. తీసుకోవచ్చా?

ఎడిసన్ తెలుగు

తీసుకోకండి. అయస్కాంతం ఉన్న మాస్కుల మీద ఫిలిప్స్ 2022లో, రెస్‌మెడ్ 2023లో హెచ్చరికలు ఇచ్చాయి. పేస్‌మేకర్, డీఫిబ్రిలేటర్, చెవిలో పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్, మెదడులో రక్తనాళానికి వేసిన లోహపు క్లిప్పులు, ఇలాంటివి ఉన్నవాళ్లు వాడకూడదు. మాస్క్ పెట్టుకునే మనిషికే కాదు, పక్కన పడుకునే మనిషికి ఉన్నా కూడదు. మామూలు ప్లాస్టిక్ క్లిప్పులున్న మోడల్స్ చాలా ఉన్నాయి. మీ కార్డియాలజిస్ట్‌కు కూడా ఒక మాట చెప్పండి.

భద్రాద్రి

చాలా మేలు చేశారు. షాపతను ఈ ముక్కే ఎత్తలేదు. అమ్మ గురించి నాకు అసలు తట్టనే లేదు, ఆమెకు కూడా చెవిలో ఇంప్లాంట్ ఉంది.

గోదారిగట్టు

ఇప్పటిదాకా జరిగింది చెబుతాను. రాజమండ్రిలోనే ఇంకో డీలర్ దగ్గరకు వెళ్లాం, మా ఆవిడ కూడా వచ్చింది. అతను కాగితపు కొలత పెట్టి చూశాడు. నాకు కావలసింది మీడియం. మంచం లేదని మూడు కుర్చీలు కలిపి పడుకోబెట్టి, మిషన్ 13 మీద నడిపి పెట్టి చూపించాడు. ముందు మీడియం ఫుల్ ఫేస్ పెట్టాడు. ఈల పోయింది, కానీ ముక్కు దూలం మీద బరువు అలాగే ఉంది. తర్వాత ముక్కు కింద ఆనే ఫుల్ ఫేస్, ఎఫ్30ఐ. అది తేలిగ్గా ఉంది గానీ మీసం దగ్గర పక్కనుంచి గాలి పోయింది. చివరికి నేసల్ పిల్లోస్ పెట్టాడు. మా ఆవిడ దగ్గరకు వచ్చి చెవి పెట్టి "ఇది ఆన్‌లోనే ఉందా?" అంది.

పిల్లోస్ తీసుకున్నాను. ఇప్పుడు కొత్త సమస్య. తెల్లవారుజామున నోరు తెరుచుకుని గాలంతా నోట్లోంచి పోతోంది. నోరు పిడచకట్టుకుపోతోంది. ఫుల్ ఫేస్‌కే తిరిగి వెళ్లాలా?

కొత్తపేట కుర్రాడు

యూట్యూబ్‌లో నోటికి టేప్ వేసుకోమంటున్నారు కదా.

శ్వాసమిత్ర

టేప్ సొంతంగా మొదలు పెట్టకండి. ముక్కు బిగుసుకున్నా, వాంతి వచ్చినా ప్రమాదం.

గోదారిగట్టు గారూ, నోరు ఎందుకు తెరుచుకుంటోంది అన్నది ముఖ్యం. చాలామందిలో కారణం ముక్కులోనే ఉంటుంది. ఏసీలో ఒకవైపు బిగుస్తుందన్నారు కదా. పొడి గాలి వేగంగా వెళ్తే ముక్కు లోపలి పొర ఉబ్బుతుంది, దారి సన్నబడుతుంది, ఒళ్లు తెలియకుండానే నోరు తెరుచుకుంటుంది. గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్‌ను ఒకటి రెండు అంకెలు పెంచండి. పడుకునేముందు సెలైన్ స్ప్రేతో ముక్కు శుభ్రం చేసుకోండి. వారం పది రోజులైనా తగ్గకపోతే ఈఎన్‌టీకి చూపించండి. ముక్కు దూలం లోపల వంకర ఉన్నా, అలర్జీ ఉన్నా ఆయనే చెప్పాలి. దుకాణంలో దొరికే ముక్కు దిబ్బడ చుక్కలు రోజూ వాడితే తిరగబడి ఇంకా బిగుస్తుంది, వాటి జోలికి పోవద్దు.

గడ్డం కింద పట్టీ, అంటే చిన్ స్ట్రాప్, కొందరికి పని చేస్తుంది. దవడ వెనక్కి నొక్కుకునేంత బిగించకూడదు.

ఫుల్ ఫేస్ చెడ్డదని కాదు. ముక్కు నిజంగా మూసుకుపోయినవాళ్లకు అదే దిక్కు. కాకపోతే అది దవడను వెనక్కి నెడుతుంది కాబట్టి కొందరికి ఎక్కువ ప్రెషర్ కావాల్సి వస్తుంది. ప్రెషర్ పెరిగితే మళ్లీ లీక్. అందుకే ముక్కుతో కుదిరే అవకాశం ఉంటే ముందు దానికే పూర్తిగా ప్రయత్నించమంటాను.

ఓరుగల్లు అక్క

హ్యుమిడిఫయర్ పెంచితే ఏసీ గదిలో పైపులో నీళ్లు చేరుతాయి తమ్ముడూ, గుడగుడమని అది ఇంకో చప్పుడు. మిషన్‌ను మంచం కంటే కిందికి పెట్టు. పైపును దుప్పటి లోపలినుంచి తీసుకో, లేదా పాత చుడీదార్ కాలు పైపుకు తొడుగులా తొడుగు. నేను అదే చేశాను. వేడి చేసే ట్యూబ్ ఉంటే ఈ బాధే లేదు, కాస్త ఖర్చు. ఏసీ 25, 26 దగ్గర పెట్టుకున్నా తేడా తెలుస్తుంది.

కావలి కాంతారావు

కరెంటు పోతే ఎలా? మా వైపు వానాకాలంలో రాత్రి రెండు మూడు సార్లు పోతుంది. ముఖం మీద మాస్క్ ఉండగా ఊపిరి ఆడదేమో అని మా ఇంట్లో వాళ్లు టెన్షన్ పడుతున్నారు.

శ్వాసమిత్ర

ఫుల్ ఫేస్ మాస్కుల్లో ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. మిషన్ ఆగగానే అది తెరుచుకుని బయటి గాలి వస్తుంది. ముక్కు మాస్క్ అయితే నోరు ఖాళీగానే ఉంటుంది. ఊపిరాడక మెలకువ వస్తుంది, మాస్క్ తీసేస్తారు. ఇంట్లోవాళ్లకు ఆ మాట చెప్పండి.

ఇన్వర్టర్ ఉంటే సైన్ వేవ్‌ది అయి ఉండాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద అడాప్టర్ గీపెట్టి వేడెక్కుతుంది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అటు వేయండి, కరెంటు మారేటప్పుడు మిషన్ ఆగదు. బ్యాటరీ మీద ఎక్కువ తినేది హ్యుమిడిఫయర్, వేడి ట్యూబ్. ఆ రెండూ ఆపితే ఫ్యాన్ మోటారుకు కావలసింది చాలా తక్కువ, రాత్రంతా వస్తుంది.

ఎడిసన్ తెలుగు

ఇంట్లోవాళ్ల టెన్షన్ అర్థమవుతుంది. కానీ ప్రమాదం అసలు ఎటువైపు ఉందో వాళ్లకు చెప్పండి. తెలుగు సినిమాలకు కూడా సంగీతం ఇచ్చిన బప్పి లహిరి గారు 2022లో పోయినప్పుడు, ఆస్పత్రివాళ్లు చెప్పిన కారణం స్లీప్ అప్నియానే, అంటే నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బే. మాస్క్ చూసి భయపడేవాళ్లు గురకను చూసి భయపడరు.

ఇంకో సంగతి. సీపాప్‌ను 1981లో సిడ్నీలో డాక్టర్ కాలిన్ సల్లివన్ తీసుకొచ్చినప్పుడు వాక్యూమ్ క్లీనర్ మోటారుతో నడిపారు, మాస్క్‌ను రాత్రిరాత్రికీ సిలికోన్ జిగురుతో ముక్కుకు అంటించేవారు. ఆ చప్పుడులో, ఆ జిగురుతో కూడా ఆ రోగులు నిద్రపోయారంటే, ఊపిరి సాఫీగా ఆడటం మనిషికి ఎంత అవసరమో చూడండి.

తిరుచానూరు

ఒక చిన్న విషయం, ఎవరికైనా పనికొస్తుందని. కొండ మీద తలనీలాలు ఇచ్చి వచ్చాక హెడ్‌గేర్ జారిపోయి వారం ఇబ్బంది పడ్డాను. పల్చటి నూలు టోపీ పెట్టుకుని దాని మీద పట్టీలు వేస్తే నిలిచింది.

గోదారిగట్టు

శ్వాసమిత్ర గారూ, అక్కా, మీరు చెప్పినవన్నీ చేశాను. ఈఎన్‌టీ గారు అలర్జీ అని ముక్కులో స్ప్రే రాశారు. హ్యుమిడిఫయర్ 5 మీద పెట్టాను. పైపుకు మా ఆవిడ పాత చీర అంచుతో తొడుగు కుట్టింది. నోరు తెరుచుకోవడం బాగా తగ్గింది. ఆస్కార్‌లో చూస్తే లీక్ గీత తెల్లవారుజామున మాత్రం కాస్త లేస్తోంది, మిగతా రాత్రంతా నేలబారుగా ఉంది. ఏహెచ్‌ఐ 3 లోపే. మా ఆవిడ ఇప్పుడు గడియారం టిక్‌టిక్ వినిపిస్తోందని దాన్ని హాల్లోకి మార్చింది.

ఒక్క సందేహం. ముక్కు రంధ్రాల అంచు కొంచెం మండుతోంది. వాజిలైన్ రాయనా?

శ్వాసమిత్ర

వాజిలైన్ వద్దండీ. జిడ్డు సిలికోన్‌ను పాడు చేస్తుంది, ముక్కులో పెట్రోలియం జెల్లీ వేసుకుని గాలి కొట్టించుకోవడం కూడా మంచిది కాదు. నీళ్ల ఆధారంగా చేసిన జెల్ మందుల షాపులో అడగండి, పల్చగా రాయండి. అయినా మండుతుంటే పిల్లో సైజు చిన్నదైందేమో చూడండి. మీ ప్యాకెట్‌లోనే మూడు సైజులు ఉంటాయి. బుడిపె రంధ్రం లోపలికి దూరకూడదు, అంచును మూసి కూర్చోవాలి.

రోజూ పొద్దున కుషన్‌ను గోరువెచ్చటి నీళ్లలో, మెత్తటి బేబీ సబ్బుతో కడిగి నీడన ఆరబెట్టండి, ఎండలో వద్దు. పడుకునేముందు ముఖం కడుక్కుని క్రీమ్ లేకుండా మాస్క్ పెట్టండి. రెండు మూడు నెలలకు సిలికోన్ మెత్తబడి మళ్లీ ఈల మొదలైతే మాస్క్ మొత్తం కొనక్కర్లేదు, పిల్లోస్ ఒక్కటే విడిగా అమ్ముతారు. ఆస్కార్ గీతలు ప్రింట్ తీసి ఈసారి డాక్టరుగారికి చూపించండి, 8 నుంచి 14 అన్న హద్దును కొంచెం సరిచేస్తే ఆ తెల్లవారుజాము లీక్ కూడా పోవచ్చు.

గోదారిగట్టు

మీడియం పెట్టాను, మంట లేదు. సోమవారం డాక్టరుగారి దగ్గరకు వెళ్తున్నాం, గీతలు తీసుకెళ్తాను.